హామ్‌స్టర్ ఇంటికి లోతెంత ఉండాలి

పెంపుడు జంతువుల దుకాణంలో హామ్‌స్టర్‌ని కొంటే, దాంతోపాటు ఒక పంజరం కూడా చేతికిస్తారు. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, కింద రంగుల ప్లాస్టిక్ పళ్ళెం, పైన సన్నటి తీగలు, లోపల అరచేతిలో పట్టేంత చక్రం, పక్కన ఒక నీళ్ళ సీసా. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. హైదరాబాద్ ఐటీ ప్రాంతాలైన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండల్లోని ఫ్లాట్లలో ఇలాంటి ముప్పావు చదరపు అడుగులోనే బతుకంతా గడిపేసే హామ్‌స్టర్లు ఉన్నాయి. ఆ పంజరాన్ని దుకాణం అరలో ఇమిడేట్టు, బైకు మీద ఇంటికి తీసుకెళ్ళేట్టు చేశారు. లోపల ఉండబోయే ప్రాణి ఎలా బతుకుతుందో చేసినవాళ్ళు ఆలోచించలేదు.

ఐటీ ఉద్యోగులు హామ్‌స్టర్‌ని ఎంచుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. కుక్క అంటే ఒప్పుకోని ఇంటి ఓనరు దీన్ని పెద్దగా పట్టించుకోడు. ఇది అరవదు, బయట తిప్పాల్సిన పని లేదు. పగలంతా నిద్రపోయి చీకటి పడ్డాక లేస్తుంది కాబట్టి, అమెరికా వేళల్లో పనిచేసి రాత్రి పదకొండింటికి తలుపు తీసేవాళ్ళకి మేలుకుని కనిపిస్తుంది. బతికేది రెండు మూడేళ్ళు గనక, ఉద్యోగం మారి ఇంకో ఊరు వెళ్ళాల్సి వస్తే ఏమిటన్న బెంగా తక్కువే. ఈ లెక్కలన్నీ సరిగానే ఉన్నాయి. ప్రాణి చిన్నది కాబట్టి ఇల్లూ చిన్నదైతే చాలుననుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

దీని పుట్టిల్లు ఎలాంటిదో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మన దగ్గర గోల్డెన్ అనీ, బొచ్చు పొడుగ్గా ఉంటే టెడ్డీబేర్ అనీ అమ్మేవి రెండూ ఒకే జాతి, సిరియన్ హామ్‌స్టర్. సొంత ఊరు సిరియా ఉత్తరాన అలెప్పో చుట్టుపక్కల పొలాలు, దానికి ఆనుకుని ఉన్న టర్కీ సరిహద్దు. 1839లో జార్జ్ వాటర్‌హౌస్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఈ జాతిని తొలిసారి వర్ణించి పేరు పెట్టాడు. 1930లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళిన జంతుశాస్త్రజ్ఞుడు ఇజ్రాయెల్ అహరోనీ, అలెప్పో దగ్గర ఒక గోధుమ పొలాన్ని లోతుగా తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లల్నీ బయటికి తీయించాడు. కాలా అజార్ జబ్బు మీద పనిచేస్తున్న సాల్ ఆడ్లర్‌కి ప్రయోగాల కోసం అవి కావలసి వచ్చాయి. జెరూసలేం చేరిన పిల్లల్ని అడుగుభాగం చెక్కతో చేసిన బోనులో పెడితే, కొన్ని ఆ చెక్కని కొరికి పారిపోయాయి. హామ్‌స్టర్ ఇంటి గురించి మనుషులు నేర్చుకున్న మొదటి పాఠం అదే. మిగిలిన కొద్దిపాటి వాటి సంతతే ప్రయోగశాలల ద్వారా ప్రపంచమంతా వ్యాపించింది. ఆ సంతతికి హైదరాబాద్ రుణపడి ఉంది కూడా: ఇక్కడి భారత్ బయోటెక్ తయారుచేసిన కోవిడ్ టీకా కోవాక్సిన్‌ని మనుషుల దాకా తెచ్చే దారిలో, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ సిరియన్ హామ్‌స్టర్ల మీద కూడా పరీక్షించింది.

జర్మన్ శాస్త్రవేత్త రోల్ఫ్ గాటర్‌మన్ బృందం సిరియా, టర్కీ పొలాల్లో ఈ జంతువుల కలుగుల్ని తవ్వి కొలిచి, 2001లో వివరాలు ప్రచురించింది. లోతు 36 సెంటీమీటర్ల నుంచి 106 సెంటీమీటర్ల దాకా ఉంది. సగటున 65, అంటే రెండడుగులకి పైమాటే. నిట్టనిలువుగా దిగే ఒక దారి, దాని చివర పడుకోవడానికి ఒక గది, గింజలు దాచుకోవడానికి ఇంకో గది. ఒక్కో కలుగులో పెద్దది ఒక్కటే ఉంది. మన రైతులు జొన్నల్ని ఎందుకు పాతరేసేవారో ఈ హామ్‌స్టరూ అందుకే లోతుకి పోతుంది. పైన ఎండ మండిపోతున్నా అడుగున చల్లగా, పొడిగా ఉంటుంది. దాచుకున్న గింజ చెడదు. అలాంటి ప్రాణిని తెచ్చి, రెండు వేళ్ళ మందాన పొట్టు పరిచిన ప్లాస్టిక్ పళ్ళెంలో పెడుతున్నాం.

పెడితే ఏమవుతుందో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓపిగ్గా గమనించారు. 2006లో అచ్చయిన అధ్యయనంలో కొన్ని హామ్‌స్టర్లకి 10 సెంటీమీటర్ల లోతు పరుపు, కొన్నింటికి 40, మరికొన్నింటికి 80 సెంటీమీటర్లు ఇచ్చారు. పది సెంటీమీటర్లవి తీగల్ని కొరకడం, చక్రంలో పరుగెత్తడం మిగతావాటికంటే ఎక్కువ. 80 సెంటీమీటర్ల లోతున్న వాటిలో తీగ కొరికినది ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో నాలుగు రకాల విస్తీర్ణాలున్న బోనులు పెట్టి చూశారు: 1,800 చదరపు సెంటీమీటర్ల నుంచి 10,000 దాకా. చిన్న బోనుల్లోనివి ఎక్కువసేపు, ఎక్కువసార్లు తీగలు కొరికాయి. పెద్దవాటిలో అది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: విస్తీర్ణం అవసరమే, కానీ లోతు చేసే మేలు విస్తీర్ణం ఒక్కటీ చేయలేదు. హామ్‌స్టర్ ఇంటిని కొనేటప్పుడు మొదట చూడవలసింది అందులో ఎంత లోతుగా పరుపు నింపగలమన్నదే.

తీగలు కొరకడాన్ని చాలామంది పళ్ళ అవసరం అనుకుంటారు. ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయన్నది నిజమే. అరగదీసుకోవడానికి మందు కొట్టని జామ కొమ్మ ఒకటి లోపల పడేస్తే సరిపోతుంది. ఒకే మూల, ఒకే తీగని, రాత్రంతా, ముక్కు మీద చర్మం చెక్కుకుపోయేదాకా కొరకడం మాత్రం వేరు. తవ్వడానికి చోటు లేని ప్రాణి పడే యాతన అది. దాన్ని ఆట అనుకుని వీడియో తీసేవాళ్ళకి ఈ ఒక్క మాట చేరినా మేలే.

ఇక కొలతలు. బ్రిటన్‌లోని జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ, జర్మనీలోని జంతు సంక్షేమ పశువైద్యుల సంఘం కనీసంగా చెప్పేది 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. మన లెక్కలో 5.4 చదరపు అడుగులు. దుకాణం పంజరానికి ఏడు రెట్లు. మరుగుజ్జు జాతులకి, అంటే బొటనవేలంత ఉండే రోబోరోవ్‌స్కీ, ఇంకాస్త పెద్దదైన క్యాంప్‌బెల్ లాంటివాటికి ఇందులో సగం చాలని అమ్మేవాళ్ళు అంటారు. ఒంటి సైజు చూసి చోటు తగ్గించకూడదు. రాత్రి పూట అవి పరిగెత్తే దూరం సిరియన్‌కి ఏమాత్రం తీసిపోదు.

5.4 చదరపు అడుగులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? తేలికైన దారి చేపల తొట్లు చేసే దుకాణం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి వాళ్ళకి రోజూ చేసే కొలతే. వెడల్పు, ఎత్తు 50 సెంటీమీటర్లకి కాస్త తగ్గినా, ఆరు చదరపు అడుగులు వస్తుంది. నీళ్ళు పోయం కాబట్టి పాతదైనా, కారేదైనా పనికొస్తుంది, చవగ్గానూ వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల అద్దంతో చేస్తే ఖాళీ తొట్టే ముప్పై కిలోల పైచిలుకు తూగుతుందని గుర్తుంచుకుని, కింద గట్టి బల్ల వేయాలి. మూడడుగుల తొట్టి నాలుగున్నర చదరపు అడుగులే. ఆ ఒక్క అడుగు దగ్గర పొదుపు చేయొద్దు. హైటెక్ సిటీలో 2018 ఆగస్టులో దేశంలోనే మొదటి దుకాణం తెరిచిన ఐకియా వల్ల ఇంకో దారి కూడా తెలిసింది. ఆ కంపెనీ డెటోల్ఫ్ అనే నిలువు అద్దాల బీరువాని ఐరోపాలో హామ్‌స్టర్ పెంచేవాళ్ళు తలుపు తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, పైన జాలీ మూత వేసి వాడుతూ వచ్చారు. పొడవు 160 సెంటీమీటర్ల పైన. ఆ బీరువానే కొనాలని కాదు. పాత సామాన్లమ్మే చోట ఏ షోకేసు కనిపించినా ఆ కంటితో చూడవచ్చు.

పదకొండు నెలల అగ్రిమెంట్లతో ఇళ్ళు మారేవాళ్ళకి అద్దం భారం. వాళ్ళకి నా సలహా పెద్ద ప్లాస్టిక్ నిల్వ డబ్బాలు. ఒక్కటి సరిపోకపోతే రెండింటిని పక్కపక్కన పెట్టి మధ్య గోడల్లో దారి కోసి కలపవచ్చు. అయితే ఒక్క డబ్బాలోనైనా ఎడతెగకుండా బాగా పరిగెత్తేంత నేల ఉండాలి. గాలి కోసం మూతలో పెద్ద కిటికీ కోసి ఇనప జాలీ బిగించాలి. జాలీ కన్ను పావు అంగుళం ఉంటే ఏ జాతికైనా భయం లేదు. అర అంగుళం కంతలోంచి మరుగుజ్జువీ, సిరియన్ పిల్లలూ జారిపోగలవు. కిటికీలకి కొట్టే దోమల జాలీని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. మూత లేకుండా వదిలేస్తే చక్రం మీదికెక్కి అక్కణ్ణుంచి బయటికి దూకుతాయి. పడితే ఎముకలు విరుగుతాయి. కింద ఎంత దూరం ఉందో అంచనా వేసే చూపు వీటికి లేదు. మూడు నాలుగు అంతస్తుల తీగ పంజరాలు ఈ కారణంగానే పనికిరావు. తీగ నేల మీద నడిచి అరికాళ్ళు పుండ్లు పడతాయి, పై అంతస్తు నుంచి పడి కాళ్ళు విరుగుతాయి. రంగు గొట్టాల ప్లాస్టిక్ పంజరాల్లో గాలి ఆడదు. మూత్రం నుంచి వచ్చే అమోనియా లోపలే నిలుస్తుంది, పెద్ద సిరియన్ గొట్టం మలుపులో ఇరుక్కుంటుంది.

పరుపు విషయంలో కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇంటిలో అసలు ఇల్లు అదే. కాగితంతో చేసిన పరుపు, ఆస్పెన్ చెక్క పొట్టు మంచివి. రెండూ బయటి దేశాల నుంచి వచ్చేవే ఎక్కువ, ఖరీదు. ఖర్చు తగ్గించాలంటే అచ్చు, వాసన లేని తెల్లటి టిష్యూ కాగితాన్ని చింపి, మధ్య మధ్య ఎండుగడ్డి పొరలు వేస్తూ, చేత్తో గట్టిగా అదుముతూ నింపాలి. గడ్డి పోగులు దూలాల్లా పనిచేసి సొరంగం కూలకుండా నిలబెడతాయి. అదమకుండా వదులుగా పోస్తే ఎంత లోతున్నా తవ్విన దారి నిలవదు. ఆఫీసులో కాగితాలు కత్తిరించే యంత్రం నుంచి సంచుల కొద్దీ ముక్కలు ఉచితంగా దొరుకుతాయి గానీ, వాటి మీద సిరా ఉంటుంది, అవి పట్టి నిలవవు. ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని జరుగుతుంటే వడ్రంగి దగ్గర రంపపు పొట్టు ఎత్తుకురావద్దు. అందులో ప్లైవుడ్ జిగురు, పాలిష్, సన్నటి ధూళి ఉంటాయి. అది హామ్‌స్టర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దేవదారు జాతి చెక్కల పొట్టు వాసన మనకి బాగుంటుంది, దానికి హాని. దూదిలా మెత్తగా ఉండే రంగుల పరుపుని హామ్‌స్టర్ బొమ్మ వేసి మరీ అమ్ముతారు. ఆ పోగులు కాళ్ళకి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుకి అడ్డం పడతాయి. దాన్ని కొనకండి, ఇచ్చినా తీసుకోకండి.

అడుగున్నర ఎత్తు తొట్టిలో ఒక చిక్కు వస్తుంది. సిరియన్‌కి 28 సెంటీమీటర్ల చక్రం కావాలి. అంతకంటే చిన్నదైతే వెన్ను వెనక్కి వంగిపోతుంది. మొత్తం అడుగు లోతున పరుపు నింపితే చక్రానికి ఎత్తు చాలదు. అందుకని పరుపుని వాలుగా వేయాలి. ఒక చివర 30 సెంటీమీటర్లు, రెండో చివర పది. లోతున్న వైపు కలుగు, లోతు తక్కువ వైపు చక్రం. నాలుగడుగుల తొట్టికి ఈ లెక్కన దాదాపు 110 లీటర్ల పరుపు పడుతుంది. ఎక్కువనిపిస్తుంది గానీ, అంతా నెలనెలా మార్చేది కాదు. మూత్రం పోసిన మూలని మాత్రం రెండు మూడు రోజులకోసారి తీసేసి కొత్తది వేస్తే, మిగతాది నెలల తరబడి ఉంటుంది. శుభ్రత పేరుతో వారం వారం అంతా తీసి కడిగేస్తే, తన వాసనతో గుర్తు పెట్టుకున్న ఇల్లు మాయమై హామ్‌స్టర్ బెదిరిపోతుంది. మరుగుజ్జువాటికి 20 సెంటీమీటర్ల చక్రం చాలు. ఏదైనా నడిచే చోటు సందుల్లేని పలకగా ఉండాలి, కాళ్ళు ఇరుక్కునే తీగ మెట్లు ఉండకూడదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బంతిలో పెట్టి హాల్లో దొర్లించడం మాత్రం మానేయండి. అందులో గాలి ఆడదు, దానికి దారి కనపడదు, ఆగాలన్నా ఆగలేదు.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. రాయి, పింగాణీ గిన్నె, చెక్క ఇల్లు లాంటి బరువైనవి పరుపు మీద ఊరికే పెడితే, హామ్‌స్టర్ వాటి కిందికి తవ్వుతుంది. సొరంగం కూలి ఆ బరువు మీద పడి నలిగిపోతుంది. బరువున్న ప్రతిదాన్నీ తొట్టి అడుగుని తాకే కాళ్ళ మీదో, ఇటుక లాంటి దిమ్మె మీదో నిలబెట్టాలి. తేలికైన దాపుకి అట్టపెట్టెలు చాలు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ డబ్బాలు ఏ ఐటీ ఇంట్లోనైనా కుప్పలుగా ఉంటాయి. టేపు, లేబుళ్ళు, పిన్నులు తీసేసి వాడుకోవచ్చు. ఒక మూల చిన్న పళ్ళెంలో కడిగి, ఎండబెట్టి, జల్లించిన ఇసుక పోస్తే ఒళ్ళు దొర్లించుకుని శుభ్రం చేసుకుంటుంది. స్నానం పేరుతో అమ్మే పౌడరు వద్దు, నీళ్ళతో స్నానం అసలే వద్దు.

"అన్నా, ఒక్కటే ఏం తీస్కుంటరు, జోడి తీస్కోండి, తోడుగుంటది" అని దుకాణంలో అంటారు. సిరియన్ విషయంలో ఈ మాట వినొద్దు. పొలంలో ఒక్కో కలుగులో ఒక్కటే ఉందని ఇందాక చూశాం. ఎనిమిది వారాలు దాటిన రెండు సిరియన్లని ఒకచోట పెడితే కొట్టుకుని చచ్చేదాకా పోతాయి. ఆడా మగా అయితే ఇంకో ముప్పు: గర్భం పదహారు రోజులే, ఈతకి ఎనిమిదీ పది పిల్లలు, ప్రతి పిల్లకీ మళ్ళీ విడి ఇల్లు. ఒక ఇంటికి ఒక్కటే.

ఇంతవరకూ చెప్పినవి ఏ ఊళ్ళోవాళ్ళైనా పాటించవలసినవి. మన ఊరికి వీటన్నిటికంటే పెద్ద గండం ఎండ. హామ్‌స్టర్‌కి 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయి. చెమట పట్టదు కాబట్టి ఒంటి వేడిని బయటికి పంపే దారులు తక్కువ. గదిలో 30 డిగ్రీలు దాటితే ప్రమాదం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ 40 దాటడం మామూలే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పదిహేనో అంతస్తు, పడమటి వైపు గోడంతా అద్దం, పొద్దున పదకొండుకి ఏసీ కట్టేసి ఆఫీసుకి వెళ్ళిపోయారనుకోండి. మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఎంత వేడి ఉందో మీకు తెలియదు, ఎందుకంటే ఆ సమయంలో మీరు అక్కడ ఎప్పుడూ లేరు. తొట్టి మీద నేరుగా ఎండ పడితే, అద్దం లోపల వేడి గదికంటే ఎక్కువగా పెరుగుతుంది.

అందుకే ప్రాణిని కొనేముందు ఒక పని చేయమంటాను. అత్యధిక ఉష్ణోగ్రతని గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని, తొట్టి పెట్టాలనుకున్న చోట ఉంచి మామూలుగా ఆఫీసుకి వెళ్ళిపోండి. ఎండాకాలంలో ఓ వారం అలా చూస్తే మీ ఇల్లు దీనికి తగునో కాదో తేలిపోతుంది. బాల్కనీ, వంటింటి గట్టు, టీవీ పక్కన అనే చోట్లని ముందే కొట్టేయాలి. బాల్కనీలోకి పిల్లి వస్తుంది, వడగాలి వస్తుంది. వంటింట్లో మిక్సీ చప్పుడు, పోపు ఘాటు. టీవీ, చార్జర్ల లాంటివి మన చెవికి అందని ధ్వనుల్ని కూడా చేస్తాయి, హామ్‌స్టర్‌కి అవి వినిపిస్తాయి. ఫ్లాట్ మధ్యలో, తూర్పు లేదా ఉత్తరపు గదిలో, నేలకి దగ్గరగా ఉన్న మూల మంచిది.

చల్లబరచడానికి మన దగ్గర మంచి వస్తువులున్నాయి. తాండూరు బండ, షాబాద్ బండ ముక్క, వంటింటి గట్టుకి వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క, ఏదైనా సరే, అడుగుని తాకేట్టు పెడితే హామ్‌స్టర్ దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. రంగు వేయని మట్టికుండని బోర్లించి దారి చేస్తే ఇంకా హాయి. నీళ్ళ సీసాని గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, తొట్టి బయట అద్దానికి ఆనించి పెట్టవచ్చు. కూలర్ గాలి నేరుగా తగలనీయొద్దు, దాని తేమ వల్ల పరుపు బూజు పడుతుంది. లోతుగా అదిమిన పరుపు కూడా కొంత కాపాడుతుంది. కానీ నిజం చెప్పాలంటే, మే నెల మధ్యాహ్నాల్లో వీటన్నిటితోనూ గట్టెక్కలేని ఫ్లాట్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అక్కడ మీరు లేని వేళ కూడా ఏసీ నడవాలి. ఆ కరెంటు బిల్లు హామ్‌స్టర్ ఖరీదులో భాగమే. భరించలేమనుకుంటే కొనకపోవడమే దాని మీద దయ. ఒళ్ళు చాపేసి కదలకుండా, వేగంగా ఊపిరి తీస్తూ, నోటి చుట్టూ తడిగా కనిపిస్తే వడదెబ్బ అనుకోవాలి. చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్ళతో తడిపిన గుడ్డ మీద ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఐసు నీళ్ళలో ముంచకూడదు. డిసెంబరు, జనవరిల్లో దీనికి వ్యతిరేకం. బాగా చల్లబడిన గదిలో హామ్‌స్టర్ ముడుచుకుని బిగుసుకుపోయి చనిపోయినట్టు కనిపించవచ్చు. చేతుల మధ్య మెల్లగా వెచ్చబెట్టి చూడకుండా పూడ్చిపెట్టే పొరపాటు చేయకండి.

చీమల సంగతి విదేశీ పుస్తకాల్లో ఉండదు, మనకి తప్పదు. హామ్‌స్టర్ గింజలు దాచుకుంటుంది, చీమలు వాసన పట్టి వస్తాయి, పరుపులో పిల్లలుంటే వాటిని కుడతాయి. చీమల మందు సుద్దముక్కతో తొట్టి చుట్టూ గీత గీయడం ప్రమాదం, అది పురుగుల మందే. పాలగిన్నె కింద నీళ్ళ పళ్ళెం పెట్టిన మన అమ్మమ్మల పద్ధతే ఇక్కడ సరైనది: బల్ల నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు. పండు, కూరగాయ ముక్కలు రాత్రి వేసినవి పొద్దున్నే తీసేయాలి, గింజలు మాత్రం ఉంచాలి. ఆ గదిలో దోమల మందు మిషన్, సాంబ్రాణి, అగరొత్తులు, ఫినాయిల్ వాడొద్దు. సొసైటీ వాళ్ళు బొద్దింకల మందు కొట్టించే రోజు ముందే తెలుసుకుని తొట్టిని వేరే ఇంటికి మార్చాలి.

పాతబస్తీ ముర్గీ చౌక్‌లో కొన్నా, కొండాపూర్‌లో ఏసీ దుకాణంలో కొన్నా అమ్మేవాళ్ళని అడగవలసినవి ఒకటే. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారం ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఆ పత్రం చూపించమనండి. ఆడో మగో చెప్పమనండి, వయసు అడగండి. తోక కింద తడిగా ఉన్నదాన్ని తీసుకోకండి. ఇల్లు మన బాధ్యత అన్నది మంచితనానికి వదిలేసిన విషయం కూడా కాదు. కదలడానికి సరిపడా పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో ఏ జంతువునైనా ఉంచడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పదకొండో సెక్షన్‌లో, నేరంగా చెప్పింది.

డాక్టరుని కూడా ముందే వెతికి పెట్టుకోవాలి. వీధి చివరి క్లినిక్‌లో కుక్కలు, పిల్లుల్ని చూసేవారందరూ వందా నూట యాభై గ్రాముల ప్రాణిని చూడరు. ఫోన్ చేసి హామ్‌స్టర్‌ని చూస్తారా అని అడిగి నంబరు రాసుకోండి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, గచ్చిబౌలి వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా దగ్గరే. ఇంట్లో గర్భిణి ఉంటే తొట్టి శుభ్రం చేసే పని ఆమెకి వద్దు. ఎలుక జాతి జంతువుల నుంచి సోకే ఎల్‌సీఎమ్ వైరస్ కడుపులో బిడ్డకి హాని చేయగలదు. మిగతావాళ్ళు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లల పుట్టినరోజు కానుకగా ఇది తగదని నా అభిప్రాయం. వాళ్ళు ఆడుకునే వేళకి ఇది నిద్రపోతుంటుంది, లేపి ఎత్తుకుంటే కరుస్తుంది, చేతిలోంచి జారితే చచ్చిపోవచ్చు.

తొట్టి సిద్ధమయ్యాక రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచి, మూత బిగువు, రాత్రి చక్రం చప్పుడు, పగటి వేడి చూసుకుని అప్పుడు ప్రాణిని తేవాలి. తెచ్చిన మొదటి వారం నీళ్ళు, గింజలు మార్చడం తప్ప చెయ్యి పెట్టకూడదు. ఎప్పుడైనా తప్పించుకుంటే కంగారుపడి మంచాలు లాగొద్దు, నలిగిపోతుంది. బాత్రూం తూము మూసి, తలుపుల కింద గుడ్డలు కుక్కి, రాత్రి ప్రతి గది గుమ్మంలో కాస్త బియ్యప్పిండి చల్లి పడుకోండి. పొద్దున కాళ్ళ గుర్తులు ఏ గదిలో ఉందో చెబుతాయి.

చివరిగా ఊరి ప్రయాణాలు. సంక్రాంతికో, మే నెలలో పెళ్ళికో నాలుగు రోజులు వెళ్ళాల్సి వస్తే, బస్సులో, రైల్లో దాన్ని తిప్పకండి. పక్క ఫ్లాట్‌లో నమ్మకమైనవాళ్ళకి అప్పగించి వెళ్ళడం మేలు. రోజుకొకసారి వచ్చి నీళ్ళు మార్చి, ఒక చెంచా గింజలు వేసి, థర్మామీటర్ చూడాలి, కలుగు మాత్రం కదపకూడదు. ఇంతే పని. డాక్టరు నంబరు తొట్టి మీద అంటించండి. ఎండాకాలమైతే తాళంచెవి ఇచ్చేటప్పుడు ఏసీ రిమోట్ ఎక్కడుందో, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏది నడుస్తుందో, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసాలు ఎక్కడున్నాయో చూపించి వెళ్ళండి.